ఆ కళ్లద్దాలు ఎవరి కోసం?

రంగులు పోల్చుకోలేని పిల్లలకు ప్రత్యేక కళ్లద్దాలు కొనేముందు తేల్చుకోవాల్సిన విషయాలపై ఓ తల్లి అభిప్రాయం

మొన్న సంక్రాంతి సెలవులకు మా తమ్ముడు డాలస్ నుంచి వచ్చాడు. సూట్‌కేసులోంచి ఎవరివి వాళ్లకు పంచేశాక, చివర్లో ఒక చిన్న పెట్టె తీసి మా అబ్బాయి చేతిలో పెట్టాడు. రంగుల తేడా తెలిసేలా చేస్తాయని చెప్పే కళ్లద్దాలవి. ‘ఇంట్లో వద్దురా, ఎండలో పెట్టుకోవాలి. బీచ్‌కి వెళ్దాం, వీడియో తీస్తాను’ అన్నాడు. మా అపార్ట్‌మెంటు నుంచి రుషికొండ తీరం పది నిమిషాల నడక. మర్నాడు ఉదయమే ఇంటిల్లిపాదీ వెళ్లాం. నలుగురం నాలుగు ఫోన్లు ఎత్తి పట్టుకున్నాం. వాడు అద్దాలు పెట్టుకున్నాడు. సముద్రం వైపు చూశాడు. వెనక్కి తిరిగి కొండను చూశాడు. తర్వాత మా ముఖాలు చూశాడు.

‘అమ్మా, ఇప్పుడు నేను ఏడవాలా?’ అని అడిగాడు.

అందరం నవ్వేశాం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి పదేళ్లు. మావయ్య పంపిన వీడియోలన్నీ వాడూ చూశాడు. అద్దాలు పెట్టుకోగానే పిల్లవాడు వెక్కివెక్కి ఏడవడం, తల్లి కళ్లు తుడుచుకోవడం, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టడం... అన్నిట్లోనూ అదే వరస. ఏడిస్తేనే అద్దాలు పనిచేసినట్టని వాడికి అర్థమైంది. వాడు ఆ ఉదయం అడిగింది రంగుల సంగతి కాదు. మేం తననుంచి ఏం ఆశిస్తున్నామో కనుక్కున్నాడు.

నేను ఈ అద్దాలకు వ్యతిరేకిని కాను. అవి మా ఇంట్లోనే ఉన్నాయి. వాడికి అవసరం అనిపించినప్పుడు పెట్టుకుంటాడు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇలాంటి పిల్లల కోసం చేయాల్సిన పనుల వరసలో అద్దాలు చివర ఉండాలి. వాటికంటే ముందు చేయాల్సినవి నాలుగైదు ఉన్నాయి. వాటికి పెద్దగా ఖర్చు లేదు. ఖర్చు లేదు కాబట్టే కాబోలు, వాటిని దాటేసి అద్దాల దగ్గరికి పరుగెడుతున్నాం.

‘శ్రద్ధ లేదు’ అనుకున్నాం

మావాడి సంగతి బయటపడింది రెండో తరగతిలో. అది కూడా మా తెలివి వల్ల కాదు. బడి వాళ్లు పిల్లల్ని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూపించడానికి తీసుకెళ్లారు. తిరిగొచ్చాక బొమ్మ వేయమన్నారు. వీడు దిబ్బలకు ఆకుపచ్చ, చెట్లకు గోధుమ రంగు వేశాడు. పుస్తకంలో ‘శ్రద్ధ అవసరం’ అని రాసి పంపారు. నేనూ కోప్పడ్డాను. ‘పేరులోనే ఎర్రమట్టి అని ఉంది కదరా!’ అన్నాను. వాడు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెల రోజులు రంగుల డబ్బా ముట్టుకోలేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఆనవాళ్లు బోలెడు. ఫ్రిజ్‌లోంచి పచ్చిమిర్చి తెమ్మంటే పండువీ కలిపి తెచ్చేవాడు. చార్జర్ మీద దీపం ఎర్రగా ఉందా, ఆకుపచ్చగా మారిందా అని అడిగితే ‘వెలుగుతోంది’ అనేవాడు. రంగు పేరు చెప్పాల్సి వస్తే ‘పచ్చ’ అనేసేవాడు. మన భాషలో ఆకులకూ పచ్చే, పసుపుకూ పచ్చే కాబట్టి సగంసార్లు సరిపోయేది. క్రేయాన్ల మీద రాసిన పేర్లు చదివి రంగు వేసేవాడు. కాగితం చిరిగిపోయిన క్రేయాన్ దగ్గరే దొరికిపోయేవాడు. ఏడేళ్ల పిల్లవాడు తన ఇబ్బందిని దాచుకోవడానికి అంత తెలివి ఖర్చు పెడుతుంటే, మేం దాన్ని అశ్రద్ధ అన్నాం.

చివరికి చూపు పరీక్షకు తీసుకెళ్లినప్పుడు కంటి వైద్యురాలు చుక్కల పుస్తకం తెరిచారు. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో తయారుచేసిన పరీక్ష అది. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాగి ఉంటుంది. మామూలు చూపు ఉన్నవారికి ఇట్టే కనిపించే అంకె వీళ్లకు కనిపించదు, లేదా మరో అంకెలా కనిపిస్తుంది. మావాడు మొదటి పేజీ తప్ప మిగతావి చాలావరకు చదవలేకపోయాడు. ఆ మొదటి పేజీ అందరూ చదవగలిగేదేనట. అంతసేపూ నా చేతిని గట్టిగా పట్టుకునే ఉన్నాడు. ‘తప్పు చెప్పానా?’ అని అడిగాడు. ‘తప్పేం లేదు నాన్నా, నీ కన్ను ఇలా చూస్తోంది, అంతే’ అన్నారు డాక్టరుగారు. ఆ మాట నేను అనాల్సింది.

ఇది గుడ్డితనం కాదు

మనం వాడే ‘వర్ణాంధత్వం’ అన్న మాటే సగం భయపెడుతుంది. అందులో అంధత్వం ఉంది మరి. నిజానికి వీళ్లకు చూపు బాగానే ఉంటుంది. రంగులు అసలే కనిపించనివారు అత్యంత అరుదు. కంటి రెటీనాలో రంగులను పట్టే కోన్ కణాలు మూడు రకాలు. ఒకటి నీలి వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు, మరొకటి ఎరుపు వైపు వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. మెదడు ఈ మూడింటినీ పోల్చుకుని రంగును తేలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రకాల్లో ఒకటి లేకపోయినా, రెండూ దాదాపు ఒకేలా స్పందించినా ఆ పోలిక చెడిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నారింజ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నీలం, పసుపు మాత్రం చక్కగా తెలుస్తాయి.

అందుకే రుషికొండ బీచ్‌కు 2020లో గుర్తింపుగా దక్కిన నీలి జెండాను మావాడు మనలాగే చూస్తాడు. లైఫ్‌గార్డులు పాతే ఎర్ర జెండానే దూరం నుంచి, వెనక చెట్ల పచ్చదనం ఉంటే, పోల్చుకోలేడు. ఒకసారి నీళ్ల వైపు పరుగెడుతుంటే ‘ఎర్ర జెండా ఉంది, ఆగు’ అని అరిచాను. ‘ఏ జెండా?’ అన్నాడు. ఈ సముద్రం ఎంత అందమో అంత ప్రమాదమని ఇక్కడివారికి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు నాకు ఈ లోపం బొమ్మల పుస్తకం దాటి బయటికి వచ్చినట్టు అనిపించింది.

ఈ సమస్యను మొదట వివరంగా రాసింది అణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్. ఆయనకే ఈ లోపం ఉంది. 1794లో మాంచెస్టర్‌లో తన చూపు గురించి ప్రసంగించాడు. కంటి లోపలి ద్రవం నీలిరంగులో ఉండటమే కారణమని నమ్మి, తను పోయాక కన్ను కోసి చూడమన్నాడు. 1844లో ఆయన మరణించాక చూశారు. ద్రవం తేటగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటినుంచి 1995లో జన్యు పరీక్ష చేస్తే, ఆకుపచ్చ వైపు స్పందించే కణాల రకమే ఆయనకు లేదని తేలింది. ఈ లోపంతోనే ఆయన తొమ్మిదో తరగతి పాఠమయ్యాడు. ఫేస్‌బుక్ స్థాపకుడు జుకర్‌బర్గ్‌కూ ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియదు. నీలం బాగా కనిపిస్తుంది కాబట్టే ఫేస్‌బుక్‌కు ఆ రంగు. ఈ సంగతి చెప్పిన రోజు మావాడు బడికి హుషారుగా వెళ్లాడు.

‘మీ వైపు నుంచే వచ్చింది’

ఇంట్లో తెలిసిన రోజున అత్తయ్యగారు అన్న మొదటి మాట ఇదే. డాక్టరుగారు కాగితం మీద గీసి చూపించిందీ అదే కాబట్టి నేను కాదనలేకపోయాను. ఈ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగపిల్లలకు ఉన్నది ఒకే ఎక్స్, అది తల్లినుంచే వస్తుంది. ఆడవారికి రెండు కాబట్టి ఒకటి దెబ్బతిన్నా రెండోది కాపాడుతుంది. వాళ్లు లోపాన్ని మోస్తారు గానీ బయటపడదు. అలాంటి తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ ఇది వచ్చే అవకాశం సగానికి సగం. తండ్రికి ఉంటే కూతుళ్లందరూ మోసేవాళ్లవుతారు, కొడుకులకు తండ్రినుంచి రాదు. యూరప్ మూలాలున్న మగవారిలో ప్రతి 12 మందిలో ఒకరికి, ఆడవారిలో 200 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క. మన దేశపు సర్వేల్లో అంతకంటే తక్కువే తేలుతోంది. అయినా వెయ్యిమంది మగపిల్లలు చదివే బడిలో ఇలాంటివారు పదుల సంఖ్యలో ఉంటారు. మన ఇళ్లలో మేనరికాలు మామూలే కాబట్టి ఇంకో మాట. ఒకే కుటుంబంలో లోపం ఉన్న మగవాడు, దాన్ని మోసే అమ్మాయి పెళ్లి చేసుకుంటే వాళ్ల ఆడపిల్లల్లోనూ ఇది బయటపడవచ్చు.

అంటే నాకు మా నాన్ననుంచి వచ్చి ఉండాలి. ఫోన్ చేసి అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పారు. డెబ్బయ్యో దశకం చివర్లో రైల్వే ఉద్యోగానికి పరీక్ష రాసి నెగ్గారట. ఇంట్లో మిఠాయిలు కూడా పంచారు. వైద్య పరీక్షలో చుక్కల పుస్తకం ముందు ఆగిపోయారు. ఊళ్లో మాత్రం ‘గుండె బలహీనమన్నారు’ అని చెప్పుకున్నారు. తర్వాత పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యారు. మామిడిపండ్లు ఎప్పుడూ అమ్మే ఎందుకు ఏరేదో, నాన్న తెల్లచొక్కాలే ఎందుకు వేసుకునేవారో నాకు నలభయ్యేళ్లకు తెలిసింది. ‘మీకు చెప్పి ఉంటే వాడిని ఏడేళ్లదాకా తిట్టించేవాడిని కాదేమో అమ్మా’ అన్నారు.

ఈ లోపం వల్ల మా ఇంట్లో జరిగిన నష్టంలో ఎక్కువ భాగం లోపంవల్ల కాదు, దాచడంవల్ల. అద్దాల దగ్గర నాకున్న అనుమానం కూడా ఇక్కడే మొదలవుతుంది. దాచడానికి అవి మరో సాధనం కాకూడదు.

అద్దాలు చేసేదేమిటి? చేయనిదేమిటి?

కాలిఫోర్నియాలో డాన్ మెక్‌ఫర్సన్ అనే గాజు శాస్త్రవేత్త లేజర్ శస్త్రచికిత్సలు చేసే వైద్యుల కళ్ల రక్షణకు అద్దాలు తయారుచేశాడు. రంగుల లోపమున్న స్నేహితుడొకరు ఆటస్థలంలో వాటిని పెట్టుకుని, పచ్చికలో నారింజ రంగు గుర్తులు స్పష్టంగా తెలుస్తున్నాయని చెప్పాడు. అక్కడినుంచి పుట్టిందే 2010లో మొదలైన ఎన్‌క్రోమా సంస్థ. ఎరుపు, ఆకుపచ్చ కణాలు రెండూ ఒకేసారి గట్టిగా స్పందించే మధ్య ప్రాంతపు వెలుగును ఈ అద్దం కోసేస్తుంది. మిగిలిన ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా పెరుగుతుంది. జల్లెడ పట్టడం లాంటిది. జల్లెడ కొత్త గింజలను పుట్టించదు కదా, అలాగే అద్దం కంట్లో లేని కణాన్ని తెచ్చిపెట్టదు.

స్పెయిన్‌లోని గ్రనడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఈ సంస్థ అద్దాలను 48 మందిపై పరీక్షించారు. రంగుల మధ్య తేడా కొంత మారుతుంది గానీ, మామూలు రంగుల చూపు రాదని తేల్చారు. అమెరికాలోని డేవిస్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ పరిశోధకులు కలిసి 2020లో ప్రచురించిన అధ్యయనం మరో కోణం చూపింది. పాక్షిక లోపమున్న కొద్దిమంది రెండు వారాలు వాడాక, అద్దాలు తీసేసినప్పుడు కూడా రంగుల తేడాకు వాళ్ల స్పందన మెరుగైందని చెప్పింది. రెండింటినీ కలిపి చదివితే తల్లిదండ్రులకు తెలియాల్సింది ఇది. పాక్షిక లోపం ఉన్నవారిలో కొందరికి కొంత ఉపయోగం ఉండవచ్చు. ఒక రకం కణాలు అసలే లేనివారికి ప్రయోజనం ఆశించలేం. ఎవరికీ ఇది చికిత్స కాదు.

మావాడిది పాక్షిక లోపం. అద్దాలతో ఏం కనిపించిందో తీరిగ్గా అడిగితే, ఎర్ర గోంగూర కాడలు ఆకుల్లోంచి ‘బయటికొచ్చాయి’ అన్నాడు. ఎదురింటి బోగన్‌విలియా పూలు మెరిశాయన్నాడు. తెల్లగోడ మాత్రం ఏదోలా ఉందని, ఇంట్లో చీకటిగా ఉందని తీసేశాడు. వాడు చెప్పింది సరైనదే. వెలుగును కోసే అద్దం కాబట్టి పగటి ఎండలో పెట్టుకునేవి రాత్రి, ఇంట్లో పనికిరావు. చీకట్లో బండి నడిపేటప్పుడు పెట్టుకోవడం ప్రమాదం. ఆన్‌లైన్‌లో ఇవే పేర్లతో అమ్మే చవక ఎర్ర అద్దాలు ఇంకా గందరగోళం. ఒక తేడా తెలిసేలా చేసి, అంతకుముందు తెలిసిన మరో తేడాను చెరిపేయగలవు.

జన్యు చికిత్స సంగతి కూడా చాలామంది అడుగుతారు. 2009లో అమెరికా శాస్త్రవేత్తలు పుట్టుకతో ఎరుపు-ఆకుపచ్చ తెలియని కోతులకు కొత్త జన్యువు అందించి, అవి ఆ రంగులు పోల్చుకునేలా చేశారు. అది గొప్ప ఆశే. కానీ ఎరుపు-ఆకుపచ్చ లోపానికి మనుషుల్లో వాడే చికిత్సగా ఇంకా రాలేదు. నయం చేస్తామని ఎవరైనా మందులో, కంటి వ్యాయామాలో చెబితే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

అసలు నష్టం ఎక్కడంటే...

విశాఖలాంటి ఊళ్లో ఈ లోపం ఖరీదు ఉద్యోగాల దగ్గర తెలుస్తుంది. ఇటు తూర్పు నౌకాదళం, అటు పోర్టు, మధ్యలో రైల్వే. మన పిల్లలు ఏళ్ల తరబడి కోచింగులు తీసుకునేది ఎక్కువగా వీటికే. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా వద్ద రెండు రైళ్లు ఢీకొన్నప్పుడు, సిగ్నల్ రంగు పోల్చుకోలేకపోవడమే కారణమని హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త వాదించాడు. అప్పటినుంచే రైల్వేల్లో, ఓడల్లో రంగుల పరీక్ష బలపడింది. ఓడకు ఎడమన ఎర్ర దీపం, కుడిన ఆకుపచ్చ దీపం ఉంటాయి. రాత్రిపూట ఎదురొచ్చే ఓడ ఎటు తిరుగుతోందో చెప్పేది ఆ రెండే. లోకో పైలట్, స్టేషన్ మాస్టర్, మర్చెంట్ నేవీ డెక్ అధికారి వంటి ఉద్యోగాలకు రంగుల చూపు అడగడం అన్యాయం కాదు. వందలమంది ప్రాణాలు దానిమీద ఉంటాయి. చుక్కల పరీక్షను రంగు అద్దాలు లేకుండానే చేస్తారు. వాటితో ఎలాగో గట్టెక్కిద్దామనే ఆలోచన పిల్లాడి మనసులో నాటడమే తప్పు.

అన్యాయమల్లా, ఈ సంగతి ఇరవై రెండేళ్లకు, పరీక్ష నెగ్గాక తెలియడం. మా నాన్నకు జరిగింది నలభై అయిదేళ్ల తర్వాత కూడా మరొకరికి జరగడం. అయిదేళ్ల వయసులో పది నిమిషాల పరీక్ష దాన్ని ఆపగలదు. ఎనిమిదో తరగతిలోపు పిల్లవాడికి ‘ఈ నాలుగు దారులు మూసి ఉన్నాయి, ఈ నలభై తెరిచి ఉన్నాయి’ అని చెబితే వాడు తట్టుకుంటాడు. ఉద్యోగం చేతికొచ్చి జారిపోతే తట్టుకోవడం కష్టం.

తెరిచి ఉన్న దారులూ పెరుగుతున్నాయి. స్వల్ప, మధ్యస్థ లోపం ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేలా కేంద్ర రవాణా శాఖ 2020 జూన్‌లో నిబంధనలు మార్చింది. త్రిపుర విద్యార్థుల కేసులో 2017లో సుప్రీంకోర్టు జోక్యంతో, ఈ లోపం ఉన్నవారికి వైద్య విద్య దారి తెరుచుకుంది. 2022 ఏప్రిల్‌లో పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అన్ని కోర్సుల్లోనూ వీళ్లను చేర్చుకోవాలని అదే కోర్టు చెప్పింది. మన దగ్గరి కేసు ఇంకా దగ్గరగా తాకుతుంది. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకాయనకు రంగుల లోపం ఉందని తేలడంతో 2016 జనవరిలో ఉద్యోగం తీసేశారు. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇవ్వాలని 1979లోనే కార్మికులతో ఒప్పందం ఉంది. ఆయన కోర్టుల చుట్టూ తిరగ్గా, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని వేరే పోస్టు ఇవ్వమని, పోయిన జీతంలో 25 శాతం చెల్లించమని ఆదేశించింది. బస్సు నడపకూడదంటే సరే, బతకకూడదంటే ఎలా అన్నదే ఆ తీర్పు సారం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఈ లోపం లేదు కాబట్టి రిజర్వేషన్ రాదు. అందుకే ముందే తెలుసుకుని దారి ఎంచుకోవడం మనకు మరీ అవసరం.

ముందు చేయాల్సినవి ఇవి

మా అనుభవంతో చెబుతున్నాను. మీ ఇంట్లో ఇలాంటి పిల్లలు ఉంటే, లేదా అనుమానం ఉంటే, ఈ వరసలో వెళ్లండి.

పరీక్ష: నాలుగైదేళ్లు రాగానే చేయించండి. అంకెలు రాని పిల్లలకు వేలితో గీత వెంట వెళ్లే పేజీలు ఉంటాయి. ఫోన్‌లో చూపించి తేల్చుకోవద్దు, తెర రంగులు నమ్మదగ్గవి కావు. హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, పెదవాల్తేరులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి వంటివి మన ఊళ్లోనే ఉన్నాయి. లోపం ఉందని తేలితే ఏ రకం, ఎంత తీవ్రత అన్నదీ అడగండి. అది తెలియకుండా అద్దాల మాటే ఎత్తకూడదు. పుట్టుకతో వచ్చేది రెండు కళ్లకూ ఒకేలా ఉంటుంది, పెరగదు. పెద్దయ్యాక కొత్తగా రంగులు మారినా, ఒక కంటిలోనే తేడా వచ్చినా, ముఖ్యంగా టీబీకి ఎథాంబ్యుటాల్ వాడుతున్నవారికి అలా అనిపించినా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

పిల్లవాడికి చెప్పడం: పేరు పెట్టి, సూటిగా. ‘ఇది ఏ రంగు చెప్పు’ అని వచ్చిన చుట్టాలందరి ముందూ ప్రదర్శన పెట్టొద్దు. మా ఇంట్లో అది మానడానికి ఆరు నెలలు పట్టింది.

బడికి చెప్పడం: ఏటా జూన్‌లో కొత్త టీచరుకు ఒక చీటీ రాసిస్తాను. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దముక్కతో రాస్తే వీడికి కనిపించదని, పటంలో రాష్ట్రాలకు రంగుతోపాటు గీతలో చుక్కలో వేయించమని. క్రేయాన్ల మీద పేర్లు చిరగకుండా టేపు అంటిస్తాను. రేపు ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో జ్వాలా పరీక్ష వస్తుంది. కాల్షియానికి ఇటుక ఎరుపు, బేరియానికి లేత ఆకుపచ్చ. అప్పుడు పక్కవాడి సాయం తీసుకోనివ్వమని ఇప్పటినుంచే అడగడం నేర్పుతున్నాను. బడుల్లో కంటి పరీక్ష అంటే ఎక్కువగా అక్షరాల చార్టుతోనే అయిపోతోంది. దానికి చుక్కల పుస్తకం ఒకటి కలిపితే ఒక్కో పిల్లవాడికి అదనంగా పట్టేది రెండు నిమిషాలు. ప్రభుత్వ బడులైనా, లక్షలు తీసుకునే బడులైనా ఇది చేయాలని మనం గట్టిగా అడగాలి.

రంగు కాకుండా మరో గుర్తు: ట్రాఫిక్ దీపాల్లో ఎరుపు పైన, ఆకుపచ్చ కింద. బీచ్‌లో ఏ రంగు జెండా ఉన్నా ముందు లైఫ్‌గార్డును అడిగాకే నీళ్లలోకి. జెండా పక్కన ‘ప్రమాదం’ అని పెద్దక్షరాలతో బోర్డు పెడితే మావాడికే కాదు, రుషికొండకు కొత్తగా వచ్చే అందరికీ మంచిది. ఫోన్ సెట్టింగుల్లో కలర్ కరెక్షన్ ఉంటుంది, అది ఉచితం. క్రికెట్‌లో ఎర్ర బంతి గడ్డిలో కలిసిపోతుంటే పసుపు టెన్నిస్ బంతితో ఆడుకుంటారు. ఆస్ట్రేలియాకు టెస్టుల్లో ఓపెనింగ్ చేసిన క్రిస్ రోజర్స్‌కూ ఈ లోపమే. గులాబీ బంతి మ్యాచ్ ఆడలేనని 2014లో బహిరంగంగా చెప్పి తప్పుకున్నాడు. దాచలేదు.

ఇవన్నీ అయ్యాక, అప్పుడు అద్దాలు. పిల్లవాడు తనంతట తాను అడిగితే, తీవ్రత పరీక్ష చేసిన వైద్యులు ఉపయోగం ఉండవచ్చంటే, ముందు పెట్టుకుని చూసి, వెనక్కిచ్చే వీలున్న చోట కొనండి. ఇరవై వేలు పోసి కొన్నాం కాబట్టి పెట్టుకోవాల్సిందేనని మాత్రం అనొద్దు. ఆ ఇరవై వేలూ ఇప్పుడు లేకపోతే మీ పిల్లవాడికి ఏదో లోటు చేశామని కుమిలిపోనక్కర్లేదు.

మావాడి అద్దాలు ఇప్పుడు గుమ్మం పక్కన అలమరలో ఉంటాయి. ఎండాకాలం తోటల్లోకి వెళ్తే పెట్టుకుంటాడు. బడికి తీసుకెళ్లడు, మేం అడగం. ఆదివారాలు తాతయ్యతో కలిసి రైతుబజారుకు వెళ్తాడు. ఇద్దరికీ పండిన టమాటా ఏదో చూసి చెప్పడం రాదు. నొక్కి చూస్తారు, వాసన చూస్తారు, చివరికి ‘ఇది పండిందా అమ్మా?’ అని అమ్మే ఆవిడనే అడిగేస్తారు. మా నాన్న డెబ్బయ్యేళ్లలో ఎన్నడూ అలా అడగలేదు. మనవడిని చూసి నేర్చుకున్నారు.

అద్దాలు కొనాలనుకుంటే కొనండి. వాడు మొదటిసారి పెట్టుకునేటప్పుడు మాత్రం ఫోన్లు జేబుల్లో ఉంచండి. ఏం కనిపిస్తోందో వాడిని చెప్పనివ్వండి. ‘పెద్ద తేడా లేదమ్మా’ అన్నా, ఆ మాట కూడా సరైన జవాబేనని వాడికి తెలియాలి.